డోన్‌లో కూర్చుని నల్లమలలో సంఘం నడిపే పద్ధతి

చెంచుల సంఘం పెడతామని ఉబలాటపడే కుర్రవాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఉగ్గాని, బజ్జీ తినిపించి అందరికీ మొదట చెప్పేది ఒకటే: అడవికి పోవద్దు నాయనా, డోన్‌లోనే ఉండు. పోతే ఏమవుతుందో నేను చూసినవాణ్ణి. ఒకసారి పోతావు, వాళ్ళు పోసిన అంబలి తాగుతావు, ఎవరి బిడ్డకో జ్వరమొస్తే ఆత్మకూరు ఆసుపత్రి దాకా తోడు పోతావు. మరుసటి వారానికి నిన్ను పేరు పెట్టి పిలుస్తారు. పేరు తెలిసిన మనిషికి పని తప్పదు.

డోన్ ఇందుకు తగిన ఊరు. పాత రైలు టైంటేబుళ్ళలో దీని పేరు ద్రోణాచలం. గుంతకల్లుకు ఒక లైను, కర్నూలుకు ఒకటి, నంద్యాల మీదుగా గుంటూరుకు ఇంకొకటి. గూడెం నుంచి ఫోనొచ్చినప్పుడు వెనక రైలు కూత వినబడితే చాలు, నువ్వు బయల్దేరావనే అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో ఇంకో సౌకర్యం కలిసొచ్చింది. నంద్యాల కొత్త జిల్లా అయినప్పుడు డోన్ ఒక రెవెన్యూ డివిజన్ అయింది, ఆత్మకూరు ఇంకొకటి అయింది. నల్లమలలోని బైర్లూటి చెంచులకు పని పడేది ఆత్మకూరులో. కాబట్టి 'అది మన డివిజన్ కిందికి రాదు' అనే మాట నీకు సర్కారే చేతికిచ్చింది. రోజుకు ఎన్నిసార్లు వాడినా అరగదు.

ముప్పై ఏళ్ళ అనుభవంతో ఈ చిట్కాలు రాస్తున్నాను. నీ మేలు కోరి రాస్తున్నాను. వరసగా పాటించు.

1. ముందు బోర్డు రాయించు.

సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురుంటే సంఘం అవుతుంది. నువ్వు, మీ ఆవిడ, మీ బావమరిది, ఇంటి ఓనరు, జిరాక్సు షాపు అబ్బాయి. ఐదుగురయ్యారు. మిగతా రెండు చోట్లా చెంచుల పేర్లు వెయ్యి, లేకపోతే చూసేవాళ్ళకు బాగుండదు. వాళ్ళ వేలిముద్రలు ఒకేరోజు నాలుగైదు తెల్లకాగితాల మీద తీసి పెట్టుకో, మళ్ళీ మళ్ళీ పోయే పని తప్పుతుంది. బావమరిదిని కోశాధికారిని చెయ్యి. సభ్యుల సంఖ్య ఎంత వేయాలని తలబద్దలు కొట్టుకోకు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల పైచిలుకు. లెటర్‌హెడ్ మీద అదే వేసెయ్. చెంచుగా పుట్టినవాడు నీ సంఘంలో లేడని ఎవడు రుజువు చేస్తాడు?

గోడకు అల్లూరి సీతారామరాజు, కొమురం భీం పటాలు తగిలించు. పల్నాడు కన్నెగంటి హనుమంతు పటం కూడా దొరికితే మంచిది. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టమన్నప్పుడు కట్టనన్న మనిషి, 1922లో తుపాకీ గుండ్లకు ప్రాణమిచ్చాడు. పటానికి దండ వెయ్యి. దండ వేస్తున్నప్పుడే ఆయన ముందు నిలబడ్డాడనీ, ముందు నిలబడితే ఏమవుతుందనీ గుర్తు చేసుకో. మనకు పెళ్ళాం పిల్లలున్నారు.

2. అడవిని రైల్లోంచి చూడు.

'క్షేత్ర పర్యటన' అని రిపోర్టులో రాయాల్సి వస్తుంది. నంద్యాల దాటాక గాజులపల్లె, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య లైను నల్లమల మధ్యలోంచే పోతుంది. కిటికీ పక్క సీటు పట్టు. ఫోటోలు తియ్యి. గిద్దలూరులో దిగి టీ తాగి ఎదురొచ్చే బండెక్కు. ఆ లైను పక్క కొండలకూ బైర్లూటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే, అడవి అంతా ఒకటే, మనుషులే గీతలు గీసుకున్నారని గట్టిగా చెప్పు. ఆ మాటకు చప్పట్లు కూడా కొడతారు.

3. గ్రామసభ పెట్టు, కానీ ఎవరూ రాకుండా పెట్టు.

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా. కాస్త నిదానంగా చదువు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఏ భూమి ఎవరు సాగు చేస్తున్నారో, ఏ తేనె చెట్టు ఏ గూడెందో మొదట తేల్చేది కలెక్టరు కాదు, రేంజరు కాదు, గ్రామసభ. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఊరి పెద్దవాళ్ళలో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. సభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది. అందులో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్ళు. ఇంత బరువు గూడెం చేతిలో పెడితే నీ చేతిలో ఏం మిగులుతుంది?

అందుకని సభ గూడెంలో పెట్టనివ్వకు. పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టించు, ఊరి మధ్యలో, కుర్చీలున్న చోట. కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చుంటారు. చెంచులు చెప్పులు విడిచి దూరంగా వేపచెట్టు కింద కూర్చుంటారు. పదిమంది పెద్దమనుషుల ముందు వాళ్ళు నోరు విప్పరు. నోరు విప్పకపోతే అంగీకరించినట్టు రాసుకో. ఎవరి గూడేనికి ఆ గూడెంలోనే సభ జరపాలని చట్టం తెలిసినవాడెవడైనా లేస్తే, మైకు సరిగ్గా పనిచేయడం లేదను.

రోజు ఎన్నుకోవడంలో కూడా తెలివి ఉంది. ఎండాకాలం తేనె తీసే రోజులు మంచివి. మగవాళ్ళు కొండచరియల దగ్గరుంటారు. శివరాత్రి ముందు వారం ఇంకా మంచిది. ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులు నాగలూటి, పేచెరువు, భీమునికొలను దారంతా నిండిపోతారు, గూడేల వాళ్ళకు తీరికుండదు. సభకు సగం మంది రాకపోతే వాయిదా వెయ్యి. మూడుసార్లు వాయిదా పడ్డాక 'ప్రజల్లో చైతన్యం లేదు' అని ఒక పేజీ రాయి. ఆ పేజీ నాకు పదకొండేళ్ళు పనికొచ్చింది. తేదీ మార్చుకుంటూ పోవడమే.

మాట్లాడేటప్పుడు పుస్తకం భాష వాడు. చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి జాగ్రత్తగా ఉండాలి, తేలిగ్గా చెబితే అర్థమైపోతుంది. 'సామూహిక అటవీ వనరుల సుస్థిర నిర్వహణ' అను. 'మీ అడవి మీ చేతిలో ఉంటుంది' అని మాత్రం అనకు.

4. తాడు సంగతి తెలుసుకో, తెలుసుకుని దూరంగా ఉండు.

చెంచులు తేనె తీసేది చూశావా? కొండ అంచు నుంచి నారతాడు వేలాడదీస్తారు. దాని మీద మనిషి దిగుతాడు, కింద లోయ, చుట్టూ ఈగలు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది ఎవరనుకున్నావు? సొంత అన్నదమ్ముడు కాదు. బావమరిది. తన అక్కచెల్లెలి పసుపుకుంకాలు ఆ తాడుకు కట్టి ఉంటాయి కాబట్టి వాడు చెయ్యి వదలడని వాళ్ళ లెక్క. ఎంతమంది పుట్టి పెరిగి, ఎంతమంది పడి చస్తే కుదిరిన లెక్కో అది!

ఇది విన్నప్పుడు నాకు కాళ్ళు వణికాయి. ఎవరిని నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఉన్న జనాన్ని పట్టుకుని మనం 'నాయకత్వ శిక్షణ' ఇస్తామని బయల్దేరాం. నాయకుణ్ణి వాళ్ళ పద్ధతిలో ఎన్నుకోనిస్తే ఏమడుగుతారో తెలుసా? మా ప్రాణం పోతే నీకేం పోతుందని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరా ఉండదు. కాబట్టి ఆ ప్రశ్న రాకముందే నువ్వే పేరు ప్రకటించు. అధ్యక్షుడిగా ఎవరిని వేయాలంటే, గూడెంలో అందరికంటే బాకీలున్న మనిషిని వెయ్యి. వాడి బాకీలో కొంత నువ్వు తీర్చు. ఆ తాడు నీ చేతిలో ఉంటుంది.

కోశాధికారి మాత్రం మీ బావమరిదే ఉండనీ. పద్ధతి పాటించినట్టూ ఉంటుంది.

5. సాక్ష్యాలు దొరకవని ముందే చెప్పేసెయ్.

నియమాల్లో 13వది చదివితే నీకు భయమేస్తుంది. రెండు రుజువులుంటే చాలంటుంది. అవి కాగితాలే కానక్కర్లేదు. గుడిసె, బావి, గట్టు, పూర్వీకుల సమాధులు, అన్నీ రుజువులే. దరఖాస్తుదారు కాని ముసలివాళ్ళు చెప్పిన మాట రాసి పెడితే అది కూడా రుజువే. నల్లమలలో ముసలమ్మల దగ్గర ఇలాంటి మాటలు బస్తాలకొద్దీ ఉన్నాయి. వాటిని రాయడం మొదలుపెడితే నీ పెన్ను ఆగదు, నీ రైలు తప్పిపోతుంది.

అందుకని సమాధులు లెక్కలోకి రావని చెప్పు. శిస్తు రశీదు తెమ్మను. అడవిలో బతికినవాడికి శిస్తు రశీదు ఎక్కణ్ణుంచి వస్తుంది? రాదు. వెతకమను. వెతుకుతున్నన్నాళ్ళూ మనకు విశ్రాంతి.

ఇంకా గట్టి కిటుకు ఒకటుంది, ఇది కొంతమందికే తెలుసు. గిరిజనులైతే 13 డిసెంబర్ 2005 నాటికి ఆ భూమి మీద ఉంటే చాలు. మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే బతికినట్టు చూపించాలన్న షరతు గిరిజనులు కాని ఇతర అటవీవాసులకు పెట్టింది. నువ్వు రెండూ కలిపేసెయ్. చెంచుల్ని కూడా 75 ఏళ్ళ రుజువు అడుగు. కుల ధ్రువీకరణ పత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది, అయినా 75 అంకె వినగానే ముఖాలు వాడిపోతాయి. ఎనభై ఏళ్ళ ముసలాయన లేచి, 'నేనే ఉండా గదప్పా, ఈడనే పుట్టినా' అంటే, 'నువ్వు కాదు తాతా, కాగితం కావాల' అను. గౌరవంగా అను. తాతా అని పిలవడం మరచిపోకు.

6. ఫారం-ఏ ఇవ్వు. ఫారం-సి దాచిపెట్టు.

ఫారం-ఏ ఒక్కొక్క కుటుంబానిది. నాలుగు హెక్టార్ల దాకా సాగు భూమికి. ఫారం-బి ఊరుమ్మడి హక్కులకు. ఫారం-సి ఊరంతా కలిసి తమ అడవిని కాపాడుకుని, వాడుకుని, నడుపుకునే హక్కుకు. చెంచులు తరతరాలుగా బతికింది దున్ని కాదు. తేనె, తపసి జిగురు, కుంకుడు, ఉసిరి, చిల్లగింజలు, దుంపలు. వాళ్ళకు అన్నం పెట్టే కాగితం బి, సి ఫారాల్లో ఉంది. కనుక ఏ ఫారం తప్ప ఇంకొకటి ఉందని తెలియనివ్వకు. ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క చూపిస్తే ఎవరి ముక్క కోసం వాళ్ళు నీ చుట్టూ తిరుగుతారు. నా ముక్క పెద్దదా, వాడి ముక్క పెద్దదా అని గొడవలు మొదలవుతాయి. గొడవలున్న చోట మధ్యవర్తికి ఎప్పుడూ భోజనం ఉంటుంది.

పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టం. భార్య పేరు తర్వాత చేర్పిద్దామని చెప్పు. ఫోటో ఖర్చు కలిసొస్తుంది. మొగుడు సారా దుకాణం దగ్గర భూమి కౌలుకు రాసిస్తున్నప్పుడు అడ్డుపడే మనిషి కూడా ఉండదు.

అంతకంటే పెద్ద ప్రమాదం చట్టంలో ఇంకో చిన్న వాక్యంలో ఉంది. ఆదిమ తెగలకు తమ ఆవాసం మొత్తం మీద హక్కు అని మూడో సెక్షన్‌లో ఉంది. దేశంలో అలాంటి తెగలు 75, మన చెంచులు అందులో ఒకరు. మధ్యప్రదేశ్‌లో డిండోరి జిల్లా బైగాలు దాన్ని అడిగి తెచ్చుకున్నారు. మహారాష్ట్ర గడ్చిరోలిలో మేండా లేఖా అనే చిన్న ఊరు 2009లో తన అడవి మీద ఊరుమ్మడి హక్కు తెచ్చుకుని, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంటోంది. ఒడిశా నియమగిరిలో 2013లో పన్నెండు పల్లెసభలు పెడితే పన్నెండుకు పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఆ ఊళ్ళలో మనలాంటివాళ్ళ గతి ఏమై ఉంటుందో ఊహించుకో. ఈ పేర్లు గూడెంలో ఎత్తకు. పత్రికలో వస్తే ఆ పేజీ జొన్నరొట్టెలు చుట్టడానికి వాడు.

7. కొట్టేసిన దరఖాస్తును బల్ల సొరుగులో పెట్టు.

దరఖాస్తు కొట్టేస్తే కారణం రాసి ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు 60 రోజుల గడువు. కాగితం సంఘం చిరునామాకు వచ్చేలా చూసుకో. సొరుగులో పెట్టు. అరవై ఒకటో రోజు గూడేనికి కబురు పంపు.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు కొట్టేసినవాళ్ళను ఖాళీ చేయించమని రాష్ట్రాలకు చెప్పింది. ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వును తానే ఆపింది. నేను మొదటి వార్తను మూడు గూడేలకు మనిషినిచ్చి పంపాను. రెండో వార్తను పంపలేదు. ఆ వేసవంతా నా మాటకు ఎంత విలువొచ్చిందో చెప్పలేను. భయపడ్డ మనిషి లెక్కలడగడు. దరఖాస్తుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ కదిలించకూడదని చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉందన్న సంగతి ఆ పదిహేను రోజులే కాదు, ఎప్పుడూ బయటపెట్టకు.

8. వర్తించని చట్టాల కోసం గొంతు చించుకో.

నా ఉపన్యాసాలకు ఇంత పేరు రావడానికి కారణం ఇదే. '1/70 అమలు చేయాలి' అని అరువు. 'సమత తీర్పు అమలు చేయాలి' అని అరువు. 'పెసా చట్టం' అని ఇంకా గట్టిగా అరువు. మూడూ గొప్పవే. 1970 నాటి భూబదలాయింపు నిబంధన గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకుండా ఆపుతుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు చెల్లదంది. 1996 నాటి పెసా గ్రామసభకు అధికారమిచ్చింది. కానీ మూడూ షెడ్యూల్డు ప్రాంతాలకే. ఉత్తరాంధ్ర మన్యం, గోదావరి ఏజెన్సీ, కృష్ణ అవతల అమ్రాబాద్ చెంచు గ్రామాలు అందులో ఉన్నాయి. మన కర్నూలు, నంద్యాల వైపు నల్లమల లేదు. కాబట్టి ఎంత అరిచినా ఏ ఆఫీసరూ ఏమీ చేయలేడు. చేయలేని పని అడిగితే ఎవరికీ కోపం రాదు, నీకు వీరుడని పేరొస్తుంది, గూడెంలో ఒక్క గడ్డిపరక కదలదు. అటవీ హక్కుల చట్టం మాత్రం ప్రాంతం చూడదు, ఎక్కడైనా వర్తిస్తుంది. అందుకే దాని పేరెత్తకు.

2019లో అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణ వద్దని గొడవ లేచినప్పుడు నేను 'అది నది అవతలి సంగతి' అని ఊరుకున్నాను. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. మరునాడే డోన్‌లో మిఠాయి పంచాను. గెలిచిన పోరాటంలో చేరడానికి ఎప్పుడూ ఆలస్యం కాదు.

9. తేనె షావుకారుతో స్నేహం చెయ్యి.

గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, తేనె, జిగురు కొనడానికే పుట్టింది. అటవీ హక్కుల చట్టం వచ్చాక ఆ సరుకు మీద హక్కు సేకరించేవాళ్ళదే, ఎవరికైనా అమ్ముకోవచ్చు. పది ఇళ్ళు కలిసి ఒకే తూకం కింద సరుకు పోసి ధర అడిగితే షావుకారు నోరు మూతపడుతుంది. అందుకని కలవనివ్వకు. సీజనుకు ముందే, గూడెంలో బియ్యం అయిపోయిన వారం చూసి, షావుకారు చేత ఇంటికి కొంత బయానా ఇప్పించు. ధర మాట్లాడకుండా ఇప్పించు. తేనె దిగాక ధర వాడే చెబుతాడు. తక్కెడ ఎవరిదని అడగకు. మీ ఇంటికి ఒక సీసా అసలు తేనె వస్తుంది, అది మాత్రం చక్కగా ఉంటుంది, పిల్లల దగ్గుకు మంచిది.

10. ఆగస్టు 9న ఖర్చుకు వెనకాడకు.

ప్రపంచ ఆదివాసీ దినం. ఆ ఒక్కరోజు నలుగురు చెంచుల్ని డోన్‌కు పిలిపించు. విల్లంబులు తెమ్మను. చొక్కాలతో వస్తే విప్పించు, ఫోటో బాగా రావాలి. వాళ్ళను వేదిక కింద నిలబెట్టి నువ్వు పైన మాట్లాడు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథ చెప్పు, స్వామి చెంచుల అల్లుడని చెప్పు. జనం కళ్ళు చెమరుస్తాయి. సంక్రాంతి తర్వాత పారువేటకు స్వామి పల్లకీలో నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి తన పెళ్ళికి రమ్మని పిలుస్తాడని కూడా చెప్పు. దేవుడంతటివాడు గడప గడపకూ పోతుంటే మీరెందుకు పోరని ఎవరైనా అడిగే లోపల జాతీయ గీతం మొదలుపెట్టించు.

తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీలు మరుసటి నెల ఇస్తానని చెప్పు.

11. పులి పేరుతో మాట వస్తే డబ్బు సంగతి మాత్రమే చెప్పు.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అభయారణ్యం లోపలి నుంచి ఇష్టపడి బయటికి వచ్చే కుటుంబానికి ప్యాకేజీ 2008లో 10 లక్షలు, 2021లో 15 లక్షలు చేశారు. ఆ అంకె గోడ మీద రాయించు. ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి, ఇష్టం లేనివాళ్ళను కదిలించకూడదు అనే మూడు ముక్కలూ చిన్న అక్షరాల సంగతులు, వదిలెయ్. బయటికొచ్చాక తేనె చెట్టు ఎక్కడుంటుంది, దేవర ఎక్కడుంటాడు, పదిహేను లక్షలు ఎన్నేళ్ళు తింటారు అని అడిగే ముసలమ్మను ముందే గుర్తుపట్టి, ఆ రోజు సభకు ఆమెను పిలవకు.

12. ఉత్తరాలు బదిలీ అయిపోయిన అధికారి పేరుకే రాయి. శ్రీశైలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు కొత్త ప్రాజెక్టు అధికారి (పీఓ) వచ్చాడని తెలిశాక పాత పీఓ పేరున అర్జీ పంపు. జవాబు రాదు. నకలు ఫైల్లో పెట్టు.

13. చదువుకున్న ఆడపిల్లను కనిపెట్టి ఉండు.

ఇది రాయడానికి నాకు మనసు రావడం లేదు, కానీ నీకు జరగకూడదని రాస్తున్నాను. ఒక గూడెంలో పదో తరగతి పాసైన పిల్ల ఉండేది. మంచి పిల్ల. వాళ్ళ నాయనతో డోన్ వచ్చినప్పుడు నా బల్ల మీద అటవీ హక్కుల చట్టం తెలుగు పుస్తకం, సన్నటిది, టీ కప్పు కింద పెట్టుకున్నది చూసింది. 'అన్నా, చదివి ఇస్తా' అనింది. అన్నా అన్నది కదా అని ఇచ్చాను. నా జీవితంలో చేసిన తప్పు అది ఒక్కటే.

ఆ పిల్ల దాన్ని రాత్రిపూట నెగడు దగ్గర చదివి వినిపించిందట. ఒక రాత్రి కాదు, ఎన్నో రాత్రులు. అర్థం కానిచోట ఆగి, వాళ్ళ మాటల్లో చెప్పిందట. సమాధుల మాట వచ్చినచోట ముసలమ్మలు లేచి కూర్చున్నారట. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసింది. ఏ బండ కింద ఎవరి తాతను పెట్టారో, ఏ చెట్టు తేనె ఏ ఇంటిదో, ఏ కుంట ఏ ఏడు ఎండిందో. సభ వాళ్ళ గూడెంలోనే పెట్టుకున్నారు. ఆడవాళ్ళు మూడో వంతు కాదు, సగానికి పైనే. కమిటీలో ఎవరుండాలని అడిగినప్పుడు ఒక పెద్దాయన, తాడు ఎవరు పట్టుకుంటారో వాళ్ళే ఉండాలన్నాడట. నేను వేసిన అధ్యక్షుడు కూడా చెయ్యి ఎత్తి సరేనన్నాడు. వాడి బాకీ తీర్చింది నేను!

ఫారం-సి ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ కలిసి నడిచి ఆత్మకూరు పోయి ఇచ్చి, చేతికి రశీదు తీసుకుని వచ్చారు. నాకు కబురు కూడా చేయలేదు. కోపంతో ఫోన్ చేస్తే ఆ పిల్లే ఎత్తింది. 'అది మీ డివిజన్ కాదు గదన్నా' అనింది. మర్యాదగానే అనింది.

అందుకని నువ్వు ఆ పుస్తకం బల్ల మీద పెట్టకు. ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వెయ్యి. చదువుకున్న పిల్ల కనిపిస్తే కుట్టుమిషను శిక్షణకని దూరం ఊరికి పంపించు, ఆరునెలలు చాలదు, ఏడాది ఉండేలా చూడు. నెగడు దగ్గర రాత్రిళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకో. నేను పెట్టుకున్న మనిషి మొదటి రాత్రి పోయి విన్నాడు, రెండో రాత్రి కూడా పోయాడు, మూడో రాత్రి నుంచి నా దగ్గరికి రావడం మానేశాడు. కాబట్టి అడవి మనిషిని పెట్టుకోకు, డోన్ మనిషినే పంపు, తెల్లారేలోపల వెనక్కి రప్పించు.

బోర్డు ఇంకా గట్టిగానే ఉంది, రంగు కొద్దిగా పోయింది. రబ్బరు ముద్ర, 64 వేల లెటర్‌హెడ్లు ఒక కట్ట, వాయిదా పేజీ, వేలిముద్రల తెల్లకాగితాలు రెండు సొరుగులో ఉన్నాయి. మా బావమరిది పోయిన నెల రాజీనామా ఇచ్చాడు, ఆ చోటు ఖాళీ. అద్దె మూడు నెలలది బాకీ ఉంది, ఓనరు మన సభ్యుడే, అడగడు. తాళంచెవి జిరాక్సు షాపులో ఇచ్చి పోతున్నాను. సోమవారం పదకొండు గంటలకు వచ్చి కూర్చో. అంతకు ముందు రావద్దు, ఎవరైనా వచ్చి ఉంటారు.